వరిలో యూరియా: అపోహలు - వాస్తవాలు

2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి యూరియా కోసం ఎదురుచూశారు. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. మామూలుగా చల్లే పద్ధతిలో వరికి దక్కేది అందులో 30 నుంచి 40 శాతమే, అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు. పొలాలు తిరిగే వ్యవసాయ శాస్త్రవేత్తగా నా బాధ ఈ పోయే భాగం గురించే. దానికి కారణం చాలావరకు ఈ అపోహలే.

అపోహ: మడిలో నీళ్లుంటే యూరియా త్వరగా కరిగి వేరుకు అందుతుంది.

వాస్తవం: కరుగుతుంది, కానీ వేరుకు అందదు. వేరు యూరియాను యూరియాగా తీసుకునేది చాలా తక్కువ. ముందు యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియంగా మార్చాలి. గాలి ఆడే మెట్ట నేలలో బాక్టీరియా ఆ అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. పత్తి, మొక్కజొన్న ఎక్కువగా తీసుకునేది ఈ నైట్రేట్‌నే. నీరు నిలిచిన మడిలో గాలి ఉండదు కాబట్టి వరికి ముఖ్యంగా అమ్మోనియమే ఆధారం.

నిలిచిన నీటిలో చల్లితే ఈ మార్పు వేరు దగ్గర కాకుండా నీటిలోనే జరిగిపోతుంది. ఎండ కాసే వేళ నీటిలోని పాచి బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది. దాంతో మధ్యాహ్నానికి నీటి ఉదజని సూచిక (pH) 9 దాటి నీరు క్షారంగా మారవచ్చు. అప్పుడు అమ్మోనియం అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. కొంత భాగం, కాస్త గాలి తగిలే బురద పైపొరలో నైట్రేట్‌గా మారి, గాలి ఆడని కింది పొరకు దిగి, అక్కడి బాక్టీరియా వల్ల మళ్లీ నత్రజని వాయువై పోతుంది. అందుకే నీళ్లు తీసి బురద పదునులో చల్లండి. 36-48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. పైసా ఖర్చు లేని పని ఇది.

అపోహ: పైరు ఎంత ముదురాకుపచ్చగా, నల్లగా ఉంటే దిగుబడి అంత ఎక్కువ.

వాస్తవం: లోపలికి వెళ్లిన నత్రజని అక్కడితో పంట కాదు. వేరులో, ఆకులో అమ్మోనియం మొదట గ్లుటమిన్ అవుతుంది, తర్వాత ఇతర అమైనో ఆమ్లాలు, ఆపైన మాంసకృత్తులు. ఈ పనికి ఎండతో ఆకు తయారుచేసుకున్న చక్కెర కావాలి. మబ్బు పట్టిన రోజుల్లో చక్కెర తక్కువ, నత్రజని ఎక్కువ అయితే అమైనో ఆమ్లాలు వాడకం కాకుండా రసంలో మిగిలిపోతాయి. రసం పీల్చే సుడిదోమకు కావలసింది సరిగ్గా అదే. ఆకు మెత్తబడి అగ్గి తెగులు, పాముపొడ కూడా సులువుగా వస్తాయి. వీటికి త్వరగా లొంగే సాంబ మసూరి రకం వేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు, దోమ కనిపించినప్పుడు యూరియా వాయిదా వేయడమే మంచిది. అవసరం తేల్చుకోవడానికి ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే ఆకురంగు పట్టీ ఉంది, వాడండి.

అపోహ: ఆకు పసుపు రంగుకు తిరిగితే యూరియా తక్కువైనట్టే.

వాస్తవం: ఏ ఆకు పసుపు ఎక్కిందో చూడండి. నత్రజని చాలకపోతే మొక్క ముదురు ఆకులోని మాంసకృత్తులను విడగొట్టి లేత ఆకుకు పంపుతుంది. కాబట్టి కింది ఆకు కొన నుంచి పసుపు మొదలవుతుంది. లేత ఆకులే పాలిపోతే గంధకమో, ఇనుమో అనుమానించాలి. సున్నపు నేలల్లో వేరుశనగ తెల్లబడేది ఇనుము అందకే. దానికి యూరియా ఎంత వేసినా లాభం లేదు, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేయాలి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి ఆకుపై తుప్పు మచ్చలు వస్తే జింకు సంగతి చూడండి.

హార్వెస్టర్ వదిలిన గడ్డిని కలియదున్ని వెంటనే నాటినా పైరు కొన్నాళ్లు పాలిపోతుంది. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి. గడ్డి మగ్గడానికి గడువిచ్చి నాటితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

అపోహ: పశువుల ఎరువులోని నత్రజని వేరు, బస్తాది వేరు.

వాస్తవం: రెండూ చివరికి అమ్మోనియంగానో, నైట్రేట్‌గానో వేరును చేరతాయి. టన్ను పశువుల ఎరువులో నత్రజని ఇంచుమించు ఐదు కిలోలే, అదీ మెల్లగా అందుతుంది. దాన్ని వేయాల్సింది నేల గుల్లబారడానికి, సూక్ష్మజీవులకు.

అపోహ: పెసర, మినుముకు వేరు బుడిపెలు ఉంటాయి, నత్రజని సంగతి అవే చూసుకుంటాయి.

వాస్తవం: బుడిపె ఉన్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు. మొక్కను పెల్లగించి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే అందులోని రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పడుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగా ఉంటే పని అయిపోయింది. బుడిపెలు సరిగా కట్టని చోట వచ్చే పంటకు విత్తనానికి రైజోబియం పట్టించండి. దున్ని విత్తే పైరుకు మొదట్లో ఎకరాకు 8 కిలోల నత్రజని చాలు. అంతకు మించి వేస్తే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించుకుంటుంది.