దొరికిన బిడ్డ ఏ దేశం వాడు?

లండన్‌లో ఒక ఆస్పత్రి మెట్ల మీద, దుప్పట్లో చుట్టిన పసిగుడ్డు దొరికిందనుకోండి. అమ్మానాన్నలెవరో తెలీదు. ఎక్కడ పుట్టాడో తెలీదు. వాడు బ్రిటిష్ పౌరుడేనా?

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే ప్రోగ్రాంని 1980ల్లోనే లండన్ ఇంపీరియల్ కాలేజీలో రాశారు. మారెక్ సెర్గాట్, రాబర్ట్ కొవాల్‌స్కీ, ఫరీబా సద్రీ, మరికొందరు కలిసి 1981 నాటి బ్రిటిష్ జాతీయత చట్టాన్ని తర్కసూత్రాలుగా మార్చారు. 1986లో ఆ వివరాలు అచ్చయ్యాయి. వాళ్ళు నమ్ముకున్న ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రామంటే చాలావరకు ‘ఇవివి నిజమైతే ఇదీ నిజం’ అనే వాక్యాల వరసే. చట్టాలూ అలాగే ఉంటాయి కదా!

మొదటి సెక్షన్ చూస్తే నిజమే అనిపిస్తుంది. చట్టం 1983 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లో పుట్టినవాళ్ళకి, పుట్టేనాటికి తల్లిగానీ తండ్రిగానీ బ్రిటిష్ పౌరులైనా, అక్కడ స్థిరపడినవాళ్ళైనా పౌరసత్వం వస్తుంది. ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ, తల్లి ఎవరు అని యంత్రం ఒక్కొక్కటే అడుగుతుంది. అన్నీ కుదిరితే ‘అవును’ అంటుంది. ఎందుకని నిలదీస్తే ఏ సెక్షన్ వల్ల, మనమిచ్చిన ఏ జవాబు వల్ల ఆ మాట అందో వరసగా అప్పజెప్తుంది. ‘తండ్రి’ దగ్గర ఒక మెలిక ఉంది: తల్లిని పెళ్ళాడని తండ్రి అప్పటి చట్టం లెక్కలో తండ్రి కాడు (2006లో మార్చారు). అదీ ఇంకో రూలుగా రాసేస్తే సరిపోతుంది.

దొరికిన బిడ్డ దగ్గరే చిక్కొచ్చిపడింది. బ్రిటన్‌లో ఎవరో వదిలేసి వెళ్ళిన ‘అప్పుడే పుట్టిన’ పసికందు దొరికితే, కాదని రుజువైతే తప్ప, అర్హత ఉన్న తల్లికో తండ్రికో అక్కడే పుట్టినట్టు భావించాలంటుంది చట్టం. ఆ ‘కాదని రుజువైతే తప్ప’ చూడ్డానికి చిన్నమాటే. కానీ లెక్కల్లో ఒకసారి రుజువైంది రుజువైనట్టే, కొత్త సంగతి తెలిసిందని సిద్ధాంతం చెడిపోదు. ఇక్కడ ఇవాళ ‘పౌరుడే’ అన్న యంత్రం, రేపెవరో ఫ్రాన్స్ నుంచి జనన ధ్రువపత్రం పట్టుకొస్తే మాట వెనక్కి తీసుకోవాలి. ప్రోలాగ్‌కి ఒక అలవాటుంది: తను రుజువు చేయలేనిదాన్ని అబద్ధం కింద జమకట్టేస్తుంది. ఈ సెక్షన్‌కి ఆ అలవాటు దాదాపు పనికొచ్చింది. దాదాపు అనే అంటాను, ఎందుకంటే రుజువు లేకపోవడం వేరు, వెతికినా దొరకకపోవడం వేరు. ఎంత వెతికితే వెతికినట్టు? పైగా ‘అప్పుడే పుట్టిన’ బిడ్డంటే ఎన్నిరోజుల వాడు? చట్టంలో ఆ లెక్క లేదు.

ఈ రకం చిక్కు కంప్యూటర్లకంటే ముందునుంచీ ఉన్నదే. పార్కులోకి వాహనాలు రాకూడదన్న రూలుంది, మరి సైకిలు సంగతేంటి, బొమ్మకారు సంగతేంటి అని బ్రిటిష్ న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1958లో అడిగారు. అమెరికన్ న్యాయతత్వవేత్త లాన్ ఫుల్లర్ ఇంకాస్త ముందుకెళ్ళారు. యుద్ధంలో వాడిన లారీని, చక్కగా నడిచేదాన్నే, అమరుల గుర్తుగా పార్కులో దిమ్మె మీద నిలబెడితే? నిఘంటువు తిరగేస్తే అది వాహనమే. రూలు ఎందుకు పెట్టారో తెలిసినవాడు మాత్రం కాసేపు తల గోక్కుంటాడు.

ఈ లారీ సంగతి ఇప్పటి చాట్‌బాట్‌ని అడగండి, అటూ ఇటూ బ్రహ్మాండంగా వాదిస్తుంది. అన్ని తీర్పులు, వ్యాసాలు మింగింది మరి. పాత ప్రోగ్రాంకి ఇంత మాటకారితనం లేదు. కానీ తెలియనిచోట ఆగి మనల్నే అడిగేది. చాట్‌బాట్ చాలాసార్లు ఆగదు. ముందున్న మాటల్ని బట్టి తర్వాత రాదగ్గ మాటని ఎంచుకుంటూ పోవడమే దాని పని. పాత తీర్పుని ఉదహరించే సైటేషన్‌కి ఒక మూస ఉంటుంది: ఇద్దరి పేర్లు, మధ్యలో ‘వర్సెస్’, సంపుటం, పేజీ, ఏడాది. ఆ మూస నింపడం దానికి చిటికెలో పని. అలాంటి తీర్పు అసలుందా అన్నది మూసలో కనిపించదు.

2023లో న్యూయార్క్‌లో జరిగింది ఇదే. విమానంలో ట్రాలీ తన మోకాలికి తగిలిందని ఒకాయన ఏవియాంకా సంస్థ మీద దావా వేశాడు. ఆయన తరఫున వేసిన కాగితాల్లో ఆరు తీర్పులు ఎక్కడా లేనివని తేలింది. ప్లీడరు చాట్‌జీపీటీని ‘ఇది నిజమైన కేసేనా?’ అని అడిగాడు కూడా. అవునంది. దొంగ సాక్షి చెప్పింది నిజమేనా అని ఆ దొంగ సాక్షినే అడిగినట్టుంది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

మన సుప్రీంకోర్టు 2019లో ‘సువాస్’ అనే అనువాద యంత్రాన్ని తెచ్చింది. ఇంగ్లీషు తీర్పులు తెలుగులాంటి భాషల్లోకి వస్తున్నాయి. ఇది నిజంగా మంచిపని, తన కేసులో ఏం రాశారో కక్షిదారుకి తెలియాలి కదా. అయితే కోర్టు భాషలో ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే అప్పీలుకి అనుమతిచ్చామని. ఒక యంత్రానువాదం దాన్ని సెలవు మంజూరు చేసిందని సుప్రీంకోర్టు న్యాయమూర్తే చెప్పారు. యంత్రాన్ని మరీ తిట్టలేం, ఏ ఆఫీసులోనైనా ఆ మాటకి అదే అర్థం. ఆ అనువాదాలు కక్షిదారు తన భాషలో చదివి అర్థం చేసుకోడానికేననీ, అమలు దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు ప్రతే ప్రమాణమనీ వాటితోపాటే ఒక ముక్క రాసి ఉంటుంది.