లేజర్ కట్టర్ కొనేముందు: 150 వాట్ల భ్రమ, ఇంకొన్ని అపోహలు

"అన్నా, 150 వాట్ల మెషీన్ చూశాను. 18 ఎంఎం ప్లైవుడ్ కోస్తుందంట, పెళ్లి కార్డుల మీద సన్న అక్షరాలు కూడా చెక్కుతుందంట. తీసుకోవచ్చా?"

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటివే. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. ఇక నేను "తీసుకో తమ్ముడూ" అంటే వినాలని వాళ్ల ఆశ. విజయవాడలో లేజర్ జాబ్‌వర్క్ చేస్తాను, చుట్టుపక్కల ఊళ్లలో మెషీన్లు బిగిస్తాను, పాడైతే రిపేరుకి వెళ్తాను. అమ్మకం కమీషన్ మీద బతకను కాబట్టి అనాల్సింది అనేస్తాను. ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: వాట్లు ఎక్కువుంటే మందం ప్లై కోస్తుంది, పవర్ తగ్గిస్తే సన్న పని చేస్తుంది

జనాన్ని నిండా ముంచుతున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని ముందు చిల్లర ఖర్చులు.

వినడానికి సబబుగానే ఉంటుంది. పెద్ద బర్నర్ కొనుక్కుంటే సిమ్‌లో పాలు కాచుకోవచ్చు కదా అన్నట్టు చెప్తారు అమ్మేవాళ్లు. ఈ మెషీన్లలో లేజర్ పుట్టేది సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ నింపిన గాజు గొట్టంలో, అదే గ్లాస్ ట్యూబ్. దానికి ఆ సిమ్ ఉండదు. ట్యూబ్‌లో గ్యాస్ వెలగాలంటే కనీసం కొంత కరెంటు పోవాలి. చాలా ట్యూబుల్లో అది పది శాతం దగ్గర, కాస్త పాతబడితే ఇంకా పైన. అంతకంటే తగ్గిస్తే వెలుగు వణుకుతుంది, లేదా అసలు రాదు. 150 వాట్ల ట్యూబ్‌లో పది శాతమంటే 15 వాట్లు. పేపర్ కార్డు మీద అక్షరం చెక్కడానికి అంత అక్కర్లేదు, ఆ పవర్ మీద కార్డు మాడిపోతుంది.

"స్పీడు పెంచుకుంటే సరి" అంటారు. పెంచండి. సెకనుకు 500 ఎంఎం వేగంలో 0.1 ఎంఎం చుక్క పడాలంటే లేజర్ వెలిగి ఆరడానికి ఉన్న టైము 0.2 మిల్లీసెకన్లు. గ్లాస్ ట్యూబ్ పవర్ సప్లై స్పెక్ షీటు చూడండి, రెస్పాన్స్ టైము ఒక మిల్లీసెకను లోపు అని రాసి ఉంటుంది. ఎంత లోపో రాయరు. చుక్క పడాల్సిన చోట గీత సాగుతుంది, అక్షరం అంచు కరుగుతుంది. పైగా పెద్ద మెషీన్‌లో లెన్స్ ఉండే హెడ్డూ, అది తిరిగే అడ్డపట్టీ బరువు. ఆ వేగంలో అటూ ఇటూ తిరిగేటప్పుడు బెల్టు ఊగి, నిలువు గీతలు వంకర్లు పోతాయి.

మన లిపికి ఈ తేడా ఇంగ్లీషు కంటే తొందరగా తగులుతుంది. రెండు ఎంఎం ఎత్తులో "లక్ష్మీ" అని చెక్కి చూడండి. ఒత్తు కింద ఒత్తు, పైన గుడి దీర్ఘం, అన్నీ కలిసి ముద్దయిపోతాయి. థ లోపలి చుక్క పూడిపోతుంది, ధ కీ ద కీ తేడా తెలియదు. పెళ్లికూతురు పేరు తప్పు పడిన కార్డు ఎవరు తీసుకుంటారు?

ఇక లెన్స్. చెక్కడానికీ కోయడానికీ అసలు తగువు ఇక్కడే ఉంది, దాన్ని ఏ వాట్లూ తీర్చలేవు. రెండు అంగుళాల లెన్స్‌తో స్పాట్, అంటే వెలుగు పడే చుక్క, 0.1 నుంచి 0.15 ఎంఎం దాకా వస్తుంది, ఒకటిన్నర అంగుళాలదైతే ఇంకా సన్నం. కానీ ఆ సన్నదనం కొద్ది లోతు వరకే ఉంటుంది, తర్వాత బీమ్ విచ్చుకుంటుంది. అదే లెన్స్‌తో 12 ఎంఎం ప్లై కోస్తే అంచు ఏటవాలుగా వస్తుంది, అడుగున మాడుతుంది. నాలుగు అంగుళాల లెన్స్ పెడితే స్పాట్ రెట్టింపవుతుంది, ఫోకస్ నిలిచే లోతు మాత్రం నాలుగు రెట్లవుతుంది. కోతకు అది బాగుంటుంది, అక్షరానికి పనికిరాదు. ఆ లెన్స్ మార్చకుండా 500 డీపీఐ పెట్టి "వివరం రావట్లేదు సార్" అంటారు. 500 డీపీఐ అంటే అంగుళానికి 500 గీతలు, గీతకీ గీతకీ మధ్య 0.05 ఎంఎం. స్పాట్ 0.2 ఎంఎం ఉంటే ఒకే చోట నాలుగు సార్లు కాలుతుంది, అంతే.

తెనాలి దగ్గర ఒక కుర్రాడు. పెళ్లి కార్డులు, మెమెంటోలు, పూజ గది జాలీ తలుపులు, అన్నీ ఒక్క మెషీన్ మీద చేద్దామని వాళ్లమ్మ నగలు తాకట్టు పెట్టి 150 వాట్లది దించాడు. నేను వెళ్లేసరికి షెడ్డులో ఒక మూల మాడిన కార్డుల కట్టలు, ఇంకో మూల సగం తెగిన 18 ఎంఎం ప్లై ముక్కలు. రిపేరుకని పిలిచాడు గానీ మెషీన్‌లో ఏ లోపమూ లేదు. ఉన్న పని అది బాగానే చేస్తోంది, చెప్పిన పని దానిది కాదు. వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చి పక్కనే నిలబడ్డారు, "బాగవుతుందా బాబూ" అంటూ. బాగుచేయడానికి ఏమీ లేదని ఆవిడకి ఎలా చెప్పాలి? చివరికి 8 ఎంఎం వరకు అక్రిలిక్, ఎండీఎఫ్ (చెక్క నారు అదిమి చేసిన బోర్డు) కోత పనులు ఎక్కడ దొరుకుతాయో చెప్పి, జాలీ తలుపులు సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే, తిరిగే బిట్‌తో కోసే మెషీన్) ఉన్నవాళ్లకి ఇచ్చేయమన్నాను. ఇప్పుడు స్టేజీ డెకరేషన్ వాళ్లకి ఎండీఎఫ్ ప్యానెళ్లు కోస్తున్నాడు, వాయిదాలు కడుతున్నాడు. కార్డుల పని వదిలేశాడు.

18 ఎంఎం ప్లై మాట

ప్లై తెగకపోవడానికి కారణం మందం ఒక్కటే కాదు. లోపలి జిగురు. మామూలు ఎంఆర్ (తేమని తట్టుకునే) గ్రేడు, అంటే ఐఎస్ 303 ప్లైలో సాధారణంగా యూరియా జిగురు, అది కొంత నయం. ఐఎస్ 710 మెరైన్ ప్లైలో ఫినాల్ జిగురు. నీళ్లకి చెదరకూడదని పెట్టిన జిగురది, లేజర్‌కీ తొందరగా లొంగదు. నల్లగా బొగ్గయి కోతకు అడ్డం పడుతుంది. దానికి తోడు లోపలి పొరల్లో కన్నాలు, ముడులు, పుట్టీ నింపిన అతుకులు. షీటంతా తెగి ఒక్క అతుకు దగ్గర ఆగిపోతుంది. అదే మందం ఎండీఎఫ్ అయితే అంతా ఒకేలా ఉంటుంది కాబట్టి ఫలితం ముందే తెలుస్తుంది. అందుకే డెమోలో మీకు చూపించేది ఎండీఎఫ్, లేదా లేత పాప్లర్ ప్లై. మీ కార్పెంటర్ తెచ్చేది అది కాదు.

నా అనుభవంలో 80, 100 వాట్ల గ్లాస్ ట్యూబ్ మన దగ్గర దొరికే ప్లైని 6 ఎంఎం వరకు హాయిగా, 9 ఎంఎం వరకు ఓపిగ్గా కోస్తుంది. 12 కోస్తుంది గానీ అంచు సాండ్‌పేపర్ పెట్టాల్సినట్టు ఉంటుంది. 130, 150 వాట్లతో 12 బాగుంటుంది. 18 ఎంఎం ప్లైని వరసపెట్టి కోసే పని ఉంటే అది సీఎన్‌సీ రౌటర్ పని. రౌటర్‌కి జిగురుతో పెద్దగా పేచీ లేదు, బిట్ అరుగుతుంది, మార్చుకుంటారు. ఇంత చెప్పినా "కానీ వీడియోలో కోశారు" అంటారు. వీడియోలో ఒక ముక్క కోస్తారు బాబూ, మీరు రోజుకు ఎనిమిది గంటలు కోయాలి.

మరి రెండూ కావాలంటే ఏం కొనాలి

నెలకు డబ్బు తెచ్చే పని ఏదో ముందు తేల్చుకోండి. కార్డులు, మెమెంటోలు, ఫోటో ఎన్‌గ్రేవింగ్ ఎక్కువైతే 60 వాట్ల గ్లాస్ ట్యూబ్ చాలు. డబ్బుంటే ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీతో వెలిగే) మెటల్ ట్యూబ్. అది తక్కువ పవర్‌లో కూడా నిలకడగా వెలుగుతుంది, వెలిగి ఆరడం మైక్రోసెకన్లలో జరుగుతుంది, స్పాట్ సన్నం. ధర గ్లాస్ ట్యూబ్‌కి కొన్ని రెట్లుంటుంది, కానీ గ్యాస్ అయిపోతే మళ్లీ నింపించుకోవచ్చు. గ్లాస్ ట్యూబ్ అయితే పారేయడమే. పని సగం సగమైతే 80 నుంచి 100 వాట్ల గ్లాస్ ట్యూబ్, దానితో రెండు లెన్సులు, ఒకటి రెండంగుళాలది, ఒకటి నాలుగంగుళాలది. 9 ఎంఎం దాటిన ప్లై బయటికి పంపండి. ఆర్ఎఫ్, గ్లాస్ రెండు ట్యూబులూ ఒకే మెషీన్‌లో పెట్టినవీ వస్తున్నాయి. బాగుంటాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. నేనైతే ఆ డబ్బుతో రెండు చిన్న మెషీన్లు పెట్టుకుంటాను. ఒకటి ఆగినా ఇంకోటి నడుస్తుంది.

డెమోకి వెళ్తే మీ ప్లై ముక్క మీరే తీసుకెళ్లండి, టింబర్ డిపోలో కొన్న మామూలు 9 ఎంఎం ముక్క. రెండు ఎంఎం తెలుగు అక్షరాలు చెక్కించండి. వెంటనే లెన్స్ మార్పించి ఆ 9 ఎంఎం ముక్కని బెడ్ నాలుగు మూలల్లో కోయించండి. దగ్గరి మూలలో తెగి దూరపు మూలలో తెగకపోతే లేజర్‌ని హెడ్డు దాకా తెచ్చే అద్దాల అలైన్‌మెంట్ సరిగా లేనట్టు. లెన్స్ మార్చమన్నప్పుడు అమ్మేవాడి మొహం చూడండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

అపోహ: స్టిక్కర్ మీద రాసినన్ని వాట్లు వస్తాయి

రావు. ట్యూబ్‌ని చచ్చేట్టు తోలితే వచ్చే పవర్‌ని స్టిక్కర్ మీద రాస్తారు. టేపు పెట్టి ట్యూబ్ పొడవు కొలవండి. 700 ఎంఎం ట్యూబ్ 40 వాట్లది, అది కూడా నిజానికి ముప్పై చిల్లర ఇస్తుంది. మీటరు పొడవున్న ట్యూబ్‌ని 80 వాట్లని అమ్మితే నవ్వి బయటికొచ్చేయండి. మెషీన్‌కి మిల్లీ యాంపియర్ మీటర్ లేకపోతే పెట్టించుకోండి, ట్యూబ్‌కి ఎంత కరెంటు పోతోందో స్క్రీన్ మీద శాతం చెప్పదు.

టేబుల్ మీద పెట్టే బ్లూ డయోడ్ మెషీన్లదీ ఇదే కథ. పెట్టె మీద 40 వాట్లంటే చాలాసార్లు అది లాగే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. ఆప్టికల్ పవర్ ఎంతో అడగండి. ఇంట్లో చెక్క మీద పేర్లు చెక్కడానికి అవి చక్కగా పనిచేస్తాయి. పారదర్శక అక్రిలిక్‌ని మాత్రం అస్సలు కోయవు, నీలి వెలుగు అందులోంచి దూరి పోతుంది.

అపోహ: బకెట్‌లో నీళ్లు, ఒక మోటారు చాలు

ట్యూబ్‌ని చల్లబరచడానికి అవి డిసెంబర్‌లో చాలు. ట్యూబ్ తీసుకునే కరెంటులో సుమారు పదో వంతే లేజర్ అవుతుంది. 100 వాట్ల లేజర్ వస్తోందంటే దాదాపు 900 వాట్ల వేడి ఆ నీళ్లలోకి దిగుతోందన్నమాట. నీళ్లు చల్లబరచడానికి సీడబ్ల్యూ-3000 అని ఇచ్చే పెట్టెలో ఫ్యానూ రేడియేటరూ తప్ప కంప్రెసర్ ఉండదు, గది వేడి కంటే కిందికి దించలేదు. మేలో బెజవాడ గది వేడి ఎంతో చెప్పక్కర్లేదు కదా. నీళ్లు 30 దాటితే పవర్ పడిపోతుంది, ట్యూబ్ ఆయుష్షు కరుగుతుంది. ప్లై తెగట్లేదని వేసవిలో వచ్చే ఫోన్లకి చాలావరకు నా జవాబు "నీళ్లు ముట్టుకుని చూడు". కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ-5000, 5200 తీసుకోండి. అలాగని కోస్తా ఉక్కపోతలో 16 డిగ్రీలకు పెట్టకండి, ట్యూబ్ మీద చెమట పట్టి హైవోల్టేజీ దూకుతుంది. గదిలో ఏసీ లేకపోతే 25 దగ్గర ఉంచండి. ఎర్తింగ్ మాట వేరే చెప్పాలా? ట్యూబ్‌కి పోయేది 20 వేల వోల్టుల పైమాట.

అపోహ: లేజర్ పక్కన కూర్చుంటే రేడియేషన్

ఇది అడిగేవాళ్ల మీద నాకు చిరాకు రాదు. అబ్బాయి రోజంతా మెషీన్ పక్కనే ఉంటాడని గుంటూరులో ఒక తల్లి మెల్లగా పక్కకి పిలిచి అడిగారు. ఇది ఎక్స్‌రే కాదమ్మా, వేడి వెలుగు, ఇన్‌ఫ్రారెడ్. సీఓటూ మెషీన్ అక్రిలిక్ మూత దాన్ని ఆపేస్తుంది. మూత తెరిచి నడిపితేనే కంటికీ చర్మానికీ ప్రమాదం. బ్లూ డయోడ్ వెలుగుని మాత్రం మామూలు అక్రిలిక్ ఆపదు, దానికి తగిన కళ్లద్దాలు తప్పనిసరి. మీరు భయపడాల్సింది పొగకి. ఎండీఎఫ్, ప్లై జిగురు పొగ రోజంతా పీల్చేది కాదు. డక్టు గోడ బయటికి పోవాలి, కిటికీ పక్కన ఫ్యాన్ పెట్టి సరిపెట్టకూడదు.

మిగతావి గబగబా. స్టీలు గ్లాసుల మీద పేర్లు సీఓటూ చెక్కదు, దానికి ఫైబర్ మార్కింగ్ మెషీన్ వేరు. పెద్ద బెడ్ కొంటే పెద్ద పని రాదు, అద్దాల దారి పొడుగవుతుంది, అంతే. 8×4 అడుగుల షీటుని కోయించి తెచ్చుకుంటే 1390 (1300×900 ఎంఎం) బెడ్ చాలామందికి సరిపోతుంది. "చైనా టెక్నాలజీ, నమ్మొచ్చా" అంటారు. సీఓటూ లేజర్‌ని 1964లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది బారామతిలో పుట్టిన మన కుమార్ పటేల్. మెషీన్ ఎక్కడిదన్నది కాదు, పాడైతే స్పేరు ఎన్ని రోజుల్లో వస్తుందన్నది అడగండి.

సన్‌బోర్డ్, రెక్సిన్ ఎవరు తెచ్చినా కోయకండి, ఎంత డబ్బిచ్చినా సరే. రెండిట్లోనూ సాధారణంగా పీవీసీ ఉంటుంది. కాలితే క్లోరిన్ సంబంధమైన విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి చేటు, వారాల్లో మెషీన్ పట్టాలు తుప్పు పడతాయి. సందేహం ఉంటే రాగి తీగని స్టవ్ మీద ఎర్రగా కాల్చి ఆ మెటీరియల్‌కి అంటించి, మళ్లీ మంటలో పెట్టండి, తలుపులు తీసి ఉంచి. మంట ఆకుపచ్చగా మారితే ఆ షీటు వెనక్కి పంపేయండి.