హుస్సేన్ సాగర్‌లో తైమెన్ ఎందుకు బతకదు?

"బాబాయ్, ఈదుతున్న ఎలుకను మింగే చేప నిజంగా ఉందా?" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడట.

ఉంది. దాని పేరు తైమెన్. సాల్మన్ కుటుంబంలో హూకో అనే ప్రజాతికి చెందినది. సైబీరియా, మంగోలియా నదుల్లో మీటరున్నర దాకా పెరుగుతుంది. ప్రధాన ఆహారం చేపలే అయినా ఎలుకను, బాతుపిల్లను కూడా వదలదు.

"మరి మన హుస్సేన్ సాగర్‌లో వేస్తే?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! మురుగు సంగతి పక్కన పెట్టి, ఒక్క ఆక్సిజన్ లెక్కే చూద్దాం.

నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 11.3 మిల్లీగ్రాములదాకా కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. చేప ఒంటి వేడి నీటి వేడితోపాటే మారుతుంది కాబట్టి, 10 డిగ్రీలు పెరిగితే దాని ఆక్సిజన్ అవసరం సుమారుగా రెట్టింపవుతుంది. అంటే 10 నుంచి 30కి వచ్చేసరికి కావలసింది నాలుగింతలు, దొరికేది మూడింట రెండొంతులు! తైమెన్ అంతదాకా రాకముందే చచ్చిపోతుంది. మొప్పల్లో రక్తం నీటికి ఎదురుగా పారుతుంది కాబట్టి నీరు మొప్పలు దాటేదాకా దానిలోంచి ఆక్సిజన్‌ను లాగుతూనే ఉంటుంది. అయినా నీటిలో లేనిదాన్ని మొప్పలు ఎక్కడినుంచి తెస్తాయి? పైగా ఇది వేటచేప. ఎర మీదికి దూకేటప్పుడు తెల్ల కండరాలు ఆక్సిజన్ లేకుండానే పనిచేసి లాక్టేట్ అనే పదార్థాన్ని అప్పులా పోగుచేస్తాయి. ఆ అప్పు తర్వాత ఆక్సిజన్‌తోనే తీర్చాలి.

మన కొర్రమీను ఇదే చిక్కును ఇంకోలా దాటింది. దానికి మొప్పల పైన గాలి పీల్చుకునే గది ఉంది. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది! అందుకే పైకొచ్చి గుటక వేసి పోతుంది. మృగశిర కార్తెకు చేప ప్రసాదంలో మింగించేది కూడా కొర్రమీను పిల్లనే. దానితో ఆస్తమా తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. దయచేసి ఇన్‌హేలర్ మాత్రం మానకండి.

తైమెన్‌కు ఆక్సిజన్ అవసరం గుడ్డుతోనే మొదలవుతుంది. వసంతంలో మంచు కరిగాక ఆడచేప నది అడుగున గులకరాళ్లను తోకతో తవ్వి గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లోంచి పారే చల్లటి నీరే వాటికి ఊపిరి. మంగోలియాలో బంగారం తవ్వకాలనుంచి కొట్టుకొచ్చే ఒండ్రు ఆ సందుల్ని పూడ్చేస్తే, గుడ్లు అక్కడే ఊపిరాడక చనిపోతాయి.