పొగమంచు తుడిస్తే ఊరు చిన్నదైపోయింది

జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) శాన్ ఆండ్రియాస్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్లకు అందులోని మౌంట్ చిలియాడ్ కొండ గుర్తుండే ఉంటుంది. బైకు మీద కొండెక్కి, అంచు నుంచి దూకి, గాల్లో ప్యారాచూట్ తెరవడం అప్పట్లో ఒక సరదా. దూరంగా ఏముందో కనిపించేది కాదు, అంతా మసక. ఆ మసకకు అవతల ఆటలోని లాస్ సాంటోస్ నగరం ఎక్కడో ఉందని, అక్కడికి చేరాలంటే చాలాసేపు పడుతుందని అనిపించేది. 2021 నవంబరులో ఆ ఆటకే మెరుగులు దిద్దిన డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక అదే కొండ మీద నిలబడితే ఇటు శాన్ ఫియెర్రో అనే ఇంకో నగరం, అటు లాస్ సాంటోస్, అన్నీ తేటగా కనిపించాయి. మ్యాప్ అంగుళం కూడా తగ్గలేదు. కానీ ఒకప్పుడు రాష్ట్రమంత అనిపించిన చోటు బొమ్మల కొలువులా మారిపోయింది.

పాత ఆటల్ని కొత్తగా చేసినప్పుడల్లా అభిమానులు తిట్టిపోస్తుంటారు. ఆ మసక ఎందుకుండేదో చూస్తే ఈ రీమేక్‌ల గొడవ సగం అర్థమవుతుంది. అప్పట్లో ఈ ఆట నడిచిన ప్లేస్టేషన్ 2 అనే గేమ్ యంత్రంలో ప్రధాన మెమరీ 32 ఎంబీ. ఇవాళ ఫోన్‌లో తీసే పది ఫొటోలకే అది సరిపోదు. మూడు నగరాలు, ఎడారి, అడవి అందులో ఎక్కడ పడతాయి? అందుకే ఆట డిస్క్‌లో ఉండేది. ఆడేవాడు ఎటు వెళ్తే ఆ చుట్టుపక్కల ముక్క మాత్రం మెమరీలోకి వచ్చేది. అవతలి ముక్క ఇంకా రాలేదన్న సంగతి తెలియకుండా మసక కప్పారు. లాస్ ఏంజెలెస్‌ను చూసి కట్టిన ఊరు కాబట్టి ఆ మసకకు అక్కడి పొగ రంగు, నారింజ రంగు పూశారు. యంత్రం లోటు ఊరి వాతావరణమై కూర్చుంది.

మనవైపు ఇదంతా పట్టించుకున్నది ఎవరు? జీటీఏ వరుసలోనే వైస్ సిటీ 2003లో, శాన్ ఆండ్రియాస్ 2005లో పీసీకి వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు నెట్ సెంటర్లలో పిల్లలు గంట లెక్కన ఎక్కువగా ఆడింది ఇవే. నోట్‌బుక్ చివరి పేజీలో చీట్ కోడ్లు రాసుకునేవాళ్లం. హెసోయామ్ అని టైప్ చేస్తే ప్రాణం, కవచం, 2,50,000 డాలర్లు. మిషన్లు పూర్తి చేసినవాడు వీధికి ఒకడుంటే గొప్ప.

అందుకే 2021 అక్టోబరులో జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడింటినీ కొత్తగా తెస్తున్నామని జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ ప్రకటిస్తే ఇక్కడా సందడి అయింది. పని అప్పగించింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే చిన్న అమెరికన్ స్టూడియోకి. శాన్ ఆండ్రియాస్‌లో హీరో సీజే ఉండే వీధి పేరే అది. ఆ ఆటల ఫోన్ వెర్షన్లు చేసింది కూడా వాళ్లే. కొత్తది రాకముందే పాతవాటిని ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. నవంబరు 11న కొత్తది దిగింది. వాన పడితే తెల్లటి గీతలు తప్ప రోడ్డు కనిపించదు. పాత బొమ్మల్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీయడంతో దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పులయ్యాయి. టఫ్ నట్ డోనట్స్ అనే కొట్టు పైన ఆరు మూలల పెద్ద నట్టు బొమ్మ ఉంటుంది. పేరులోని జోకే అది. కొత్తదాంట్లో ఆ మూలలు అరిగి గుండ్రంగా తేలింది, జోకు పోయింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ఆ నట్టు ఒక్కటే సాక్ష్యం చాలు. ఎందుకు అలా ఉందో అడగకుండా నునుపు చేశారు. వారం తిరిగేసరికి రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పాత పీసీ వెర్షన్లను తిరిగి పెడతామంది.

మన సినిమా భాషలో చెప్పాలంటే ఇది రీమేక్ కాదు, పాత ప్రింటును 4కె చేసి మళ్లీ విడుదల చేయడం. రీమాస్టర్ అంటారు. రీమేక్ అంటే మళ్లీ మొదటి నుంచి తీయడం. తిట్టేటప్పుడు మాత్రం జనం రెండింటినీ ఒకే గాట కట్టేస్తారు.

పొగమంచు విషయంలో ఇంతకన్నా పాత కేసు సైలెంట్ హిల్ అనే భయపెట్టే ఆటది. 1999లో మొదటి ఆట ప్లేస్టేషన్ మీద వచ్చినప్పుడు యంత్రం దూరపు వీధుల్ని గీయలేకపోయింది కాబట్టి ఊరిని మంచులో ముంచేశారు. భయం అక్కడే పుట్టింది. 2001లో రెండో ఆట వచ్చేసరికి యంత్రం బలపడింది, అయినా మంచును ఉంచుకున్నారు. చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వచ్చిందని జేమ్స్ అనే మనిషి ఆ ఊరికి వెళ్తాడు. మంచు లేకపోతే ఆ కథకు ఊరే లేదు. 2012లో పాత ఆటకు మెరుగులు దిద్ది హెచ్‌డీ కలెక్షన్ చేసినవాళ్లకు ఆట సొంతదారు కొనామీ కంపెనీ దగ్గర దొరికిన సోర్స్ కోడ్ అసంపూర్ణం, ఆఖరి వెర్షన్‌ది కాదు. మంచు పలచబడింది. జేమ్స్ పడవ వేసుకుని సరస్సు దాటే చోట నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో కనిపించిపోయింది.

అదే ఆటను 2024 అక్టోబరులో పోలండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ అనే స్టూడియో మొదటి నుంచి కట్టింది. వీళ్ల వల్ల కాదని చాలామంది ముందే తీర్పు చెప్పేశారు, అందులో నేనూ ఉన్నాను. కానీ పాత ఆటకు సంగీతం ఇచ్చిన అకీరా యమావోకా, వికృత రూపాలు గీసిన మసాహిరో ఇతో ఇద్దరూ ఇందులో పనిచేశారు. ఇప్పటి యంత్రాలకు దాచుకోవాల్సిన లోటేమీ లేకపోయినా మంచును కావాలనే చిక్కగా నింపారు. కొట్లాటలు ఎక్కువైపోయాయి, అపార్ట్‌మెంట్ల భాగం సాగింది. ఆ రెండూ క్షమించవచ్చు.

కాప్‌కామ్ కంపెనీ వాళ్ల భయపెట్టే ఆట రెసిడెంట్ ఈవిల్ 2 ఇంకో దారి పట్టింది. 1998 నాటి ఆటలో ప్రతి గదికీ ఒక తలుపు మెల్లగా తెరుచుకునేది. ఆ తెరుచుకునే క్షణాల్లో వెనకాల తర్వాతి గది లోడ్ అయ్యేది. తలుపు దాటితే బతికిపోయామన్న ధైర్యం ఉండేది. 2019 రీమేక్‌లో ఆ తలుపు సీన్లు లేవు. బదులుగా, పాత ఆటలో అప్పుడప్పుడు మాత్రమే ఎదురయ్యే మిస్టర్ ఎక్స్ అనే భారీ మనిషి పోలీస్ స్టేషన్ అంతా వెంటపడతాడు. ఎక్కడో పై అంతస్తులో బూట్ల చప్పుడు, టెన్షన్. పాత ధైర్యాన్ని లాక్కుని కొత్త భయం ఇచ్చారు, లెక్క సరిపోయింది. మరుసటి ఏడాదే అదే కాప్‌కామ్ మూడో భాగం చేస్తూ క్లాక్ టవర్ ఎపిసోడ్‌ను తీసేసింది, బదులుగా సరితూగేదేమీ ఇవ్వలేదు. అభిమానులు ఇప్పటికీ అది ఎత్తి చూపుతారు.

జీటీఏకి కూడా 2024 నవంబరులో ఒక అప్‌డేట్ వచ్చింది. క్లాసిక్ లైటింగ్ అని పాత ఆకాశం, పాత రంగులు ఎంచుకునే వీలు ఇచ్చారు. మూడేళ్లు పట్టింది.

అసలు ఆటే గొప్పదని వాదించే ముందు నా అసలు ఆట సంగతి చెప్పాలి. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న సీడీ అది. ఒక్క సీడీలో పట్టించడానికి ఆటలోని కార్లలో మోగే రేడియోను ఎవరో మొత్తం కోసేశారు. కారెక్కితే ఇంజిన్ మోత తప్ప ఏమీ వినపడేది కాదు. ఆట అంతేనేమో అనుకున్నాను. డెఫినిటివ్ ఎడిషన్‌లో కొన్ని పాటలు లేవని అందరూ గోల చేస్తున్న రోజుల్లో నేను మిషన్లు పక్కన పెట్టి, స్టేషన్లు మారుస్తూ ఊరంతా తిరిగాను. శాన్ ఆండ్రియాస్‌లో నేను విన్న మొదటి పాటలవి.