కమల వరి వివాదం: 2022 మార్చిలో ఏం మారింది?

'కమల' వరిపై గొడవ మళ్లీ రాజుకుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి జన్యువును సవరించి తయారుచేసిన రకం ఇది. దిగుబడి 19 శాతం ఎక్కువని, పంట 20 రోజులు ముందే చేతికొస్తుందని 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ప్రకటించారు. ఆ లెక్కలు నిలబడవని జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే కూటమి అంటోంది. అందుకు చూపిస్తున్న ఆధారం బయటిది కాదు, వరి ప్రయోగాలపై ప్రభుత్వ వార్షిక నివేదికలే. ఆరోపణలన్నీ తప్పని భారత వ్యవసాయ పరిశోధన మండలి కొట్టిపారేసింది.

పరాయి జన్యువును చొప్పించిన బీటీ పత్తి, బీటీ వంకాయ సంగతులు అందరికీ తెలిసినవే. ఈ వివాదం అర్థం కావాలంటే చూడాల్సింది 2022 మార్చి 30 నాటి ఒక ఆఫీస్ మెమొరాండం. మొక్క సొంత జన్యువునే మార్చి, పరాయి జన్యువు మిగలకుండా చేసిన సవరణ పంటలకు, జన్యుమార్పిడిని నియంత్రించే 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు వర్తించవని కేంద్ర పర్యావరణ శాఖ అందులో చెప్పింది. అంటే జన్యుమార్పిడి పంటలకు అనుమతులు పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ గడప, బీటీ వంకాయ దాటాల్సి వచ్చినది, వీటికి లేదు. పార్లమెంటులో చర్చ లేకుండానే ఇంత పెద్ద మార్పు జరిగిపోయింది. పరాయి జన్యువు మిగల్లేదని తేల్చే పని ఆ మొక్కను తయారుచేసిన సంస్థలోని జీవభద్రత కమిటీకే దక్కింది. అందులో బయోటెక్నాలజీ విభాగం ప్రతినిధి ఒకరు ఉంటారు, నిజమే. కానీ కమిటీ మాత్రం ఆ సంస్థదే. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 జులైలో, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం సవరణ పంటలనూ జన్యుమార్పిడి చట్టం కిందే ఉంచింది.

శాస్త్రవేత్తల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కమలలో సవరించిన జన్యువు సైటోకైనిన్ అనే హార్మోన్‌ను తగ్గించేది. ఆ జన్యువు పని తగ్గితే హార్మోన్ పెరిగి కంకికి గింజలు పెరుగుతాయి. ఇలాంటి మార్పు కొన్ని వరి రకాల్లో సహజంగానే ఉంది కాబట్టి జన్యుమార్పిడి పంటల తనిఖీ దీనికి అక్కర్లేదన్నది వాళ్ల మాట.

అయితే రైతుకు కావలసింది దిగుబడి లెక్క. ఆ లెక్క ఎక్కడ తేలుతోంది? దేశవ్యాప్త వరి ప్రయోగాలను 1965 నుంచి సమన్వయం చేస్తున్నది రాజేంద్రనగరే. కమల పుట్టిందీ అక్కడే. మామూలు రకాలకు ఇన్నాళ్లూ ఈ పద్ధతి సరిపోయింది. బయటి తనిఖీ తీసేశాక మాత్రం తయారీ, పరీక్ష రెండూ ఒకే చోట చేరాయి. అందుకే ఏ కేంద్రంలో ఏ ఏడాది ఎంత పండిందో, పోలిక రకం ఎంత పండిందో మొత్తం వివరాలు బయటపెట్టమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక పేటెంట్లు. జన్యువును కత్తిరించే క్రిస్పర్ పరికరంపై హక్కులు విదేశీ విశ్వవిద్యాలయాలు, కంపెనీల దగ్గరున్నాయి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి విత్తనాన్ని రైతులు దాచుకుని మళ్లీ విత్తుకుంటున్నారు. కమల విషయంలో ఆ హక్కు ఏమవుతుందో విత్తనం పొలానికి చేరేలోగా రాతపూర్వకంగా చెప్పాల్సింది కేంద్రమే.