గేటు దాటాక ఎవరు? సైనిక శిబిరాల వివాదం వెనక మెంటర్ల కథ

న్యూజిలాండ్‌లో 2024 జూలై చివర్లో పామర్‌స్టన్ నార్త్ పట్టణంలో మొదలైన 'మిలిటరీ స్టైల్ అకాడమీ' మీద గొడవ ఇంకా చల్లారలేదు. పదేపదే నేరాలు చేసి కోర్టు మెట్లెక్కిన పది మంది కుర్రాళ్లను మూడు నెలలు శిబిరంలో ఉంచారు. ఆ తరువాత తొమ్మిది నెలలు మెంటర్ల, అంటే వెంట ఉండి దారి చూపే పెద్దల, తోడుతో ఊళ్లో బతకడం నేర్పాలన్నది పథకం. 2024 చివర్లో, రెండో దశ మొదలైన కొద్ది వారాలకే, ఒక కుర్రాడు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అతని అంత్యక్రియలకు వచ్చిన వాళ్లలో ఇద్దరు అక్కడి నుంచి పారిపోయారు. దాంతో పార్లమెంటులో, పేపర్లలో పాత వాదన మళ్లీ లేచింది: సైనిక క్రమశిక్షణ పిల్లల్ని బాగుచేస్తుందా, చెడగొడుతుందా?

ప్రభుత్వం చెప్పేది ఒక్క ముక్కలో ఇదీ: పద్ధతిగా లేవడం, తినడం, పడుకోవడం ఎరగని పిల్లలకు ముందు ఆ పద్ధతి కావాలి, మిగతావి తరువాత. కాదనే వాళ్లు 2010లో అదే దేశంలో సైన్యం సాయంతో నడిపిన శిబిరాలు ఫలితం ఇవ్వలేదని గుర్తుచేస్తున్నారు. రెండు వైపులా శిబిరం గురించే మాట్లాడుతున్నారు. ప్రమాదమూ, పారిపోవడమూ శిబిరంలో జరగలేదు. గేటు దాటాక జరిగాయి. ఆ రెండో దశ గురించి, అందులో మెంటర్ అనే మనిషి పని గురించి మాట్లాడే గొంతులు చాలా తక్కువ. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు ముప్పై ఏళ్లుగా అమెరికాలో పోగుపడుతూ ఉంది.

అమెరికా జైళ్లలో 1983లో మొదలైన బూట్‌క్యాంపుల (నేరస్థులకు సైనిక తరహా శిబిరాల) కథ చాలామందికి తెలిసిందే, కేకలు, పరుగులు, బస్కీలు అన్నీ. దాన్ని వదిలేసి పదేళ్లు ముందుకు వెళ్దాం. 1993లో అమెరికా కాంగ్రెస్ అనుమతితో, సైన్యానికి రిజర్వు దళమైన నేషనల్ గార్డ్ పది చోట్ల ప్రయోగాత్మకంగా 'యూత్ చాలెంజ్' అనే రెసిడెన్షియల్ కార్యక్రమం పెట్టింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి, సైన్యానికి ఇక పని ఏమిటన్న చర్చ నడుస్తున్న రోజులవి. 16 నుంచి 18 ఏళ్ల లోపు, హైస్కూలు మధ్యలో మానేసి, పని లేకుండా తిరుగుతున్న పిల్లలు వీళ్ల లెక్కలోకి వచ్చారు. 1998లో కార్యక్రమం శాశ్వతమైంది. ఇప్పుడు సుమారు 40 కేంద్రాలున్నాయి. ఇప్పటిదాకా 2 లక్షల మందికి పైగా పూర్తిచేసి బయటికి వచ్చారు.

మిలిటరీ స్కూలు అనగానే మన తెలుగువాళ్లకు కోరుకొండ సైనిక్ స్కూలు గుర్తొస్తుంది. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పిల్లలు, ముందు ముందు ఆఫీసర్లు కాబోయేవాళ్లు. ఇది దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఇక్కడికి వచ్చేది చదువు తెగిపోయిన పిల్లలు. చదువైపోయాక సైన్యంలో చేరాలన్న షరతు లేదు. కోర్టు బలవంతంగా పంపేది కాదు, పిల్లవాడు తనంతట తానే ఒప్పుకుని రావాలి. తీవ్రమైన కేసులున్న వాళ్లను, మత్తుమందులు వాడుతున్న వాళ్లను తీసుకోరు. న్యూజిలాండ్ పథకంతో పోల్చేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

మొదటి రెండు వారాలు అలవాటు పడే కాలం. జుట్టు కత్తిరిస్తారు, ఫోను తీసేసుకుంటారు, తెల్లవారకముందే లేపుతారు. ఆ తరువాత ఇరవై వారాలు అసలు శిబిరం. పిల్లల్ని కేడెట్లంటారు, ప్లటూన్లుగా, అంటే చిన్న దళాలుగా, విడదీస్తారు. రాత్రింబవళ్లు వాళ్లతో ఉండే సిబ్బందిని క్యాడర్ అంటారు. వీళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామంది. ఉదయం డ్రిల్లు, పగలు హైస్కూలు సర్టిఫికెట్‌కు సమానమైన పరీక్షకు చదువు, మధ్యలో ఊరికి సేవ, వంటగది పని, డబ్బు లెక్కలు, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న పాఠాలు. తేలికైన చోటు కాదు. అవకాశం దక్కిన పిల్లల్లో చివరిదాకా నిలిచింది సగానికి కొంచెం పైన.

ఇంతవరకు దీన్ని మర్యాదగల బూట్‌క్యాంపు అనుకోవచ్చు. నా దృష్టిలో అసలు మలుపు దరఖాస్తు ఫారంలో ఉంది. యూత్ చాలెంజ్ రూపకర్తలు శిబిరం తరువాత మరో 12 నెలల దశ పెట్టారు. ఆ పన్నెండు నెలలూ ప్రతి కేడెట్‌కూ ఒక మెంటర్ ఉండాలన్నారు. అంతటితో ఆగితే అది కూడా ఎక్కడైనా ఉండేదే. కానీ ఆ మెంటర్ ఎవరో సంస్థ వెతికిపెట్టదు, చేరేటప్పుడు పిల్లవాడే ఒక పేరు తెచ్చుకోవాలి. 21 ఏళ్లు దాటినవారు, కేడెట్ ఆడపిల్లయితే ఆడమనిషి, మగపిల్లవాడయితే మగమనిషి, ఒకే ఇంట్లో ఉండేవారు కాకూడదు, దగ్గర్లో నివసించాలి. పోలీసు రికార్డు తనిఖీ చేస్తారు, ఒక శిక్షణ ఇస్తారు, తరువాత శిబిరం మధ్యలోనే ఇద్దరినీ అధికారికంగా జత చేస్తారు. జీతం లేదు.

ఈ నిబంధన వల్ల ఎలాంటి మనుషులు వచ్చారో చూస్తే దాని బలం అర్థమవుతుంది. బడిలో కోచ్, చర్చి పాస్టర్, అమ్మ స్నేహితురాలు, ఒకప్పుడు పని ఇచ్చిన గ్యారేజీ యజమాని, పాత టీచరు. పిల్లవాడికి ముందే తెలిసినవాళ్లు. అతను ఎక్కడ తిరుగుతాడో, ఎవరితో తిరిగితే చెడిపోతాడో, ఇంట్లో ఎవరు తాగుతారో వీళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. శిబిరంలో క్యాడర్ సార్జెంట్ ఎంత మంచివాడైనా ఇరవై రెండు వారాల తరువాత అతను తరువాతి బ్యాచ్ దగ్గర ఉంటాడు. పిల్లవాడు మళ్లీ అదే వీధికి, అదే స్నేహితుల మధ్యకు వస్తాడు. ఆ వీధిలో ఉండేది మెంటర్ ఒక్కడే.

అతని పని చూడ్డానికి చాలా చిన్నది. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసుకు బండిలో తీసుకెళ్లడం. ఉద్యోగ దరఖాస్తులో 'గతంలో పనిచేసిన చోటు' అనే గడి దగ్గర ఆగిపోయిన కుర్రాడి పక్కన కూర్చోవడం. కమ్యూనిటీ కాలేజీలో ఫీజు రాయితీ కాగితాలు నింపించడం. ఇంట్లో గొడవపడి అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తడం. పని పోయిందని సిగ్గుపడి నెల రోజులు మొహం చాటేసిన వాడిని వెతుక్కుంటూ వెళ్లడం. నెలనెలా కేంద్రానికి రిపోర్టు పంపడం కూడా ఉంది. అదే ఇష్టం లేని పని అనుకుంటాను. మిగతావన్నీ మన ఊళ్లలో పెద్దమనిషి తరహా మేనమామ చేసే పనులే. ఆ మేనమామ లేని చోట ఆ బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టుకున్నారు.

2005, 2006 సంవత్సరాల్లో ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పది కేంద్రాల్లో సుమారు 3,000 మంది దరఖాస్తుదారులతో గట్టి పరీక్ష పెట్టింది. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చిన చోట లాటరీ తీసి, అవకాశం దొరికినవాళ్లను, దొరకనివాళ్లను మూడేళ్లు గమనించారు. మూడేళ్ల తరువాత హైస్కూలు డిప్లొమాగానీ సమాన సర్టిఫికెట్‌గానీ సంపాదించినవాళ్లు అవకాశం దొరికిన గుంపులో 72 శాతం, దొరకని గుంపులో 56 శాతం. కొంత కాలమైనా కాలేజీ చదివినవాళ్లు 35 శాతం, 19 శాతం. సంపాదన 20 శాతం ఎక్కువ. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2012లో లెక్కగట్టి, పెట్టిన ప్రతి డాలరుకూ సమాజానికి 2.66 డాలర్ల లాభం అంది. డ్రిల్లు పక్షం వాళ్లు ఈ అంకెలనే చూపించి 'చూశారా, సైనిక పద్ధతి గెలిచింది' అంటారు.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. చేరిన తొమ్మిది నెలలకు, అంటే శిబిరం నుంచి వచ్చిన కొద్ది కాలానికి, అరెస్టయినవాళ్లు అవకాశం దొరికిన గుంపులో 14 శాతం, దొరకని గుంపులో 20 శాతం. మూడేళ్లయ్యేసరికి అరెస్టుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. యూనిఫాం ఇచ్చిన క్రమశిక్షణ మాత్రమే పనిచేసి ఉంటే అది మూన్నాళ్ల ముచ్చటేనని ఈ అంకె చెబుతోంది. చదువు, సంపాదన నిలబడ్డాయి, నేరాల మీద ప్రభావం వాడిపోయింది. అందరి విషయంలో ఒకేలా వాడిపోయిందా?

ఆ ప్రశ్నను పరిశోధకులు జీన్ రోడ్స్, సారా ష్వార్ట్జ్, రినీ స్పెన్సర్, జీన్ గ్రాస్‌మన్ పట్టుకున్నారు. 1,173 మంది యువత సమాచారంతో 2013లో వాళ్లు వెలువరించిన పరిశోధన ఈ వివాదంలో అందరికంటే ఎక్కువ చదవాల్సింది, అందరికంటే తక్కువ ఉదహరిస్తున్నది. చేరిన 21 నెలలకు కూడా 74 శాతం కేడెట్లు తమ మెంటర్‌తో మాట్లాడుతూనే ఉన్నారు. 38 నెలలకు 56 శాతం. అధికారిక గడువు ముగిసి ఏడాదిన్నర దాటిన తరువాత మాట ఇది. మామూలు మెంటరింగ్ పథకాల్లో ఏడాది లోపే తెగిపోయే జతలు ఎన్నో ఉంటాయి. 21 నెలల నాటికి మెంటర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ లాభం దాదాపు సమానం. 38 నెలలకు మాత్రం మెంటర్‌తో బంధం నిలిచినవాళ్ల దగ్గరే చదువులో, పనిలో, నడవడిలో లాభాలు మిగిలాయి. ఇంకో సంగతి: మెంటర్‌ను పిల్లవాడే ఎంచుకున్న చోట బంధం ఎక్కువ కాలం నిలిచింది. అమ్మానాన్నలైనా సిబ్బందైనా వెతికిపెట్టిన చోట తొందరగా జారిపోయింది.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. బాగుపడే పిల్లలే బంధం నిలబెట్టుకుంటారు, బంధం వల్ల బాగుపడ్డారని ఎలా అంటారు అని. లాటరీ తీసింది శిబిరానికే గానీ మెంటర్‌కు కాదు కాబట్టి ఆ అనుమానం పూర్తిగా పోదు. కానీ అదే పరిశోధకులు 30 మందితో కూర్చుని మాట్లాడారు. వాళ్ల మాటల్లో బయటపడినవి మనసు విప్పి మాట్లాడుకోగల తోడు, పని ఇప్పించడం లాంటి చేతి సాయం, దారి చూపడం. ఇవి శిబిరం దగ్గర దొరికేవి కావు. నాకు ఆ సాక్ష్యం చాలు.

దీనికి పదకొండేళ్ల ముందే, 2002లో, గ్రాస్‌మన్, రోడ్స్ ఇద్దరూ వేరే మెంటరింగ్ సంస్థ పిల్లల మీద చూపించింది కూడా చేర్చి చదవాలి. ఏడాది దాటిన బంధాలు మేలు చేశాయి. మూడు నెలల లోపే తెగిన బంధాల తరువాత పిల్లల ఆత్మగౌరవం తగ్గింది. వచ్చి వెళ్లిపోయే మెంటర్ కంటే రాని మెంటరే నయం అన్నమాట. నియామకాలు హడావుడిగా చేసే ప్రతి ప్రభుత్వ శాఖా ఈ వాక్యం దగ్గర ఆగాలి.

ఇక డ్రిల్లు మీదే నడిచిన బూట్‌క్యాంపుల సంగతి, 2006లో జరిగింది. ఫ్లోరిడాలో ఒక కౌంటీ షెరీఫ్ (జిల్లా పోలీసు అధిపతి లాంటివాడు) నడిపిన బూట్‌క్యాంపులో చేరిన మొదటి రోజే 14 ఏళ్ల మార్టిన్ లీ ఆండర్సన్ పరిగెత్తలేక ఆగిపోయాడు. గార్డులు అతన్ని కొట్టి, నోరు మూసి, ముక్కు దగ్గర అమోనియా పెట్టిన దృశ్యం వీడియోలో ఉంది. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. మొదటి పోస్టుమార్టం సికిల్ సెల్ లక్షణం (పుట్టుకతో వచ్చే రక్త లోపం) కారణమంది. రెండోది ఊపిరాడకే చనిపోయాడంది. ఆ ఏడాదే ఫ్లోరిడా తన బాల నేరస్థుల బూట్‌క్యాంపులు మూసేస్తూ ఆ బిడ్డ పేరుతో చట్టం చేసింది. 2007లో ఏడుగురు గార్డులు, ఒక నర్సు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆండర్సన్ చనిపోవడానికి ముందు ఏడాది, 2005లో, నేరశాస్త్ర పరిశోధకురాలు డోరిస్ మెకెంజీ బృందం 43 నమూనాలను కలిపి చూసి, బూట్‌క్యాంపులు సగటున మళ్లీ నేరం చేయడాన్ని తగ్గించలేదని తేల్చింది. యూత్ చాలెంజ్ దగ్గరా డ్రిల్లు ఉంది, ఈ బూట్‌క్యాంపుల్లోనూ డ్రిల్లు ఉంది. డ్రిల్లే మందు అయితే రెండు చోట్లా ఒకే ఫలితం రావాలి.

న్యూజిలాండ్ పథకాన్ని రాసినవాళ్లకు ఇదంతా తెలియదని అనను. మూడు నెలలకు మూడు రెట్ల కాలం రెండో దశకు కేటాయించారు, మెంటర్ అన్న మాట రాశారు. కానీ చర్చలో ఆ దశకు దక్కిన చోటు చూడండి. మంత్రులు ఫొటోలు దిగింది శిబిరంలో. సైనిక తరహా శిబిరాలకు శాశ్వత అధికారం ఇచ్చే బిల్లు తెచ్చారు. ప్రతిపక్షం దాడి చేసిందీ శిబిరం మీదే. మెంటర్‌కు ఎంత కాలం జీతం ఇస్తారు, అతను శిబిరం మొదటి వారంలోనే పిల్లవాడిని కలుస్తాడా లేక విడుదలకు ముందు పరిచయమవుతాడా, తొమ్మిదో నెల ముగిశాక ఫోను నంబరు పనిచేస్తుందా అన్న ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి. అమెరికా అంకెల్లో తేడా తెచ్చినవి ఇవే.

అమెరికా పద్ధతికీ ఒక లోటు ఉంది. దరఖాస్తులో మెంటర్ పేరు రాయమంటే, రాయడానికి ఎవరూ లేని పిల్లలుంటారు. ఇల్లిల్లూ మారినవాళ్లు, పెంపుడు ఇళ్లలో పెరిగినవాళ్లు, బడిలో ఏ టీచరూ పేరు పెట్టి పిలవనివాళ్లు. వాళ్ల కోసం సిబ్బందే ఒకరిని వెతుకుతారు, అలా దొరికిన బంధాలే ముందు తెగిపోతున్నాయి. పామర్‌స్టన్ నార్త్ లాంటి శిబిరాలకు కోర్టుల నుంచి వచ్చే కుర్రాళ్లలో ఆ గడి ఖాళీగా ఉండే అవకాశమే ఎక్కువ. మరో శిబిరానికి డబ్బు ఇవ్వడానికి ముందు అక్కడి ప్రభుత్వం వాళ్లను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ఆ గడిలో ఎవరి పేరు రాస్తావని అడగవచ్చు. అడగడానికి శిబిరం కట్టనక్కరలేదు.