ట్రిగ్గర్ ఆఫ్ చేస్తే అన్నీ ఆగిపోతాయా? మడ్ స్క్రిప్టింగ్‌లో అపోహలు - వాస్తవాలు

1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన అక్షరాల ఆట మడ్. దాని వారసులను మా తిరుపతిలో, ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. పాత ల్యాప్‌టాప్ చాలు, నెట్ నత్తనడక నడిచినా ఫర్వాలేదు. గేమ్ పంపే లైన్‌లో ఫలానా మాట కనబడితే ఫలానా పని చెయ్యమని మనం రాసుకునేదే ట్రిగ్గర్. నన్ను అడిగే సందేహాల్లో ఎక్కువ భాగం దాన్ని ఆన్, ఆఫ్ చెయ్యడం గురించే.

అపోహ: ఎనేబుల్ చేశానంటే పనిచేసి తీరాలి.

"అన్నా, ఎనేబుల్ కమాండ్‌కి జవాబుగా ట్రూ అని కూడా వచ్చింది, అయినా కదలట్లేదు" అంటారు. మడ్ ఆడటానికి వాడే ప్రోగ్రామ్ మడ్లెట్‌లో ట్రిగ్గర్లను ఫోల్డర్లలో పెట్టుకుంటాం. పై ఫోల్డర్ ఆఫ్‌లో ఉంటే లోపలి ట్రిగ్గర్ ఆన్‌లో ఉన్నా లేనట్టే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ముందున్న గేటు మూసి, మన కంపార్ట్‌మెంట్ తలుపు ఒక్కటే తీస్తే లైను కదులుతుందా? ఇదీ అంతే. అయితే ఫోల్డర్‌ని ఆఫ్ చేసినా, లోపల ఏది ఆన్, ఏది ఆఫ్ అన్న గుర్తు చెరిగిపోదు. ఫోల్డర్‌ని మళ్లీ ఆన్ చేస్తే అన్నీ పాత స్థితికే వస్తాయి. అందుకే యుద్ధానికి ఒక ఫోల్డర్, బేరసారాలకు ఒక ఫోల్డర్ పెట్టుకోమంటాను. పైనున్నది ఉత్త ఫోల్డర్ కాకుండా ప్యాటర్న్ (లైన్‌లో వెతకాల్సిన మాట) ఉన్న ట్రిగ్గర్ అయితే, అది మ్యాచ్ అయ్యాకే కింది వాటి వంతు.

అపోహ: డిసేబుల్ చేసిన క్షణంలోనే అంతా ఆగుతుంది.

ఆగేది ఇకపై వచ్చే లైన్లను చూడటం మాత్రమే. ఒక ట్రిగ్గర్ తన స్క్రిప్ట్‌లోనే తనను డిసేబుల్ చేసుకున్నా, కింద మిగిలిన లైన్లు చివరిదాకా నడుస్తాయి. అంతకంటే టెన్షన్ పెట్టేది టైమర్. "5 సెకన్లాగి మందు తాగు" అని ట్రిగ్గర్ అప్పటికే టెంప్‌టైమర్ (ఒక్కసారి మోగే తాత్కాలిక టైమర్) పెట్టేసి ఉంటే, తర్వాత మీరు ఆ ట్రిగ్గర్‌ని ఆఫ్ చేసినా మందు తాగడం ఖాయం. టైమర్ ఇచ్చే ఐడీని దాచుకుని, కిల్‌టైమర్‌తో దాన్ని విడిగా ఆపాలి.

అపోహ: టిన్‌టిన్‌ప్లస్‌ప్లస్‌లో క్లాస్‌ని క్లోజ్ చేస్తే అందులోని యాక్షన్లు ఆఫ్ అవుతాయి.

కావు. టిన్‌టిన్‌ప్లస్‌ప్లస్ కూడా మడ్లెట్ లాంటి ప్రోగ్రామే; అందులో ట్రిగ్గర్‌ని యాక్షన్ అంటారు, వాటిని గుంపుగా పెట్టుకునేది క్లాస్. ఓపెన్ అంటే ఇకపై రాసే యాక్షన్లు ఆ క్లాస్‌లో చేరతాయని, క్లోజ్ అంటే చేరడం ఆగిందని. ఉన్నవి హాయిగా పనిచేస్తూనే ఉంటాయి. కిల్ అంటే మాత్రం ఆఫ్ కాదు, ఆ క్లాస్‌లోవన్నీ తుడిచిపెట్టడమే. కాబట్టి ముందు రైట్‌తో ఫైల్‌లో దాచి, తర్వాత కిల్ చేసి, కావలసినప్పుడు రీడ్‌తో తెచ్చుకోవాలి. ఒక్క క్లాస్ కాకుండా యాక్షన్లన్నీ కాసేపు నోరు మూసుకోవాలంటే ఇగ్నోర్ కమాండ్ ఉంది.

అపోహ: ఎక్కువ ట్రిగ్గర్లు ఆన్‌లో ఉంటే గేమ్ నెమ్మదిస్తుంది.

పదుల్లో ఉంటే తేడా కూడా తెలియదు. గేమ్ నెమ్మదిస్తే ముందు మీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే మాటలను వెతకడానికి రాసుకునే నమూనాలు, చూసుకోండి.

అపోహ: పేరుతో డిసేబుల్ చేస్తే ఆ ఒక్కటే ఆగుతుంది.

మడ్లెట్‌లో ఒకే పేరు ఎన్నింటికైనా పెట్టొచ్చు. "హీల్" పేరుతో మూడుంటే మూడూ ఆగుతాయి. పేరులో అక్షరం తప్పితే ఏదీ ఆగదు, ఫాల్స్ వస్తుంది అంతే. ఆ జవాబును స్క్రీన్ మీద ప్రింట్ చేయించుకుంటే గంటల తరబడి వెతుకులాట తప్పుతుంది.